పులుపు తిన్నాక పళ్ళు జివ్వుమంటున్నాయా? బ్రష్ కాసేపు ఆపండి

సమస్య: కుండనీళ్ళు తాగితే చాలు, పళ్ళు జివ్వుమని లాగుతున్నాయి. ఒక్క పన్ను కాదు, ముందు వరసంతా.

నాకు జరిగింది అచ్చం ఇదే. మా నల్లగొండలో ఎండాకాలం వస్తే పగలు నిమ్మకాయ సోడా, రాత్రి పచ్చిపులుసు లేకుండా గడవదు. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే గట్టి బ్రష్‌తో బరబరా తోమేదాన్ని. ఎంత తోమితే అంత శుభ్రం అనుకున్నాను. ఒకరోజు కిటికీ వెలుతురులో అద్దం పట్టుకుని చూస్తే ముందు పళ్ళ అంచులు గాజులా పల్చబడ్డాయి, చిగురు దగ్గర పసుపు తేలింది.

కారణం: పన్ను పై పొర ఎనామిల్. పులుపును కొలిచే లెక్క పీహెచ్, అది ఎంత తగ్గితే అంత పులుపు. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. చింతపండు, మామిడికాయ, కూల్‌డ్రింకులు కూడా ఎనామిల్‌ను కరిగించేవే. బత్తాయి తియ్యగా ఉన్నా అందులోనూ సిట్రిక్ ఆమ్లం ఉంది. పులుపు తగిలిన పొర కాసేపు మెత్తగా ఉంటుంది, అప్పుడు తోమితే అరిగిపోతుంది. వదిలేస్తే ఉమ్మి ఆ పులుపును విరిచి, పోయిన కాల్షియాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. ఒకసారి అరిగిపోయిన ఎనామిల్ మాత్రం మళ్ళీ పుట్టదు.

పరిష్కారం: తిన్న వెంటనే మంచినీళ్ళు రెండు మూడు సార్లు పుక్కిలించండి. బ్రష్ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత పట్టుకోండి, అదీ మెత్తటిది. రాత్రి అంతసేపు నిద్ర ఆగదంటే అన్నమే కాస్త పెందలాడే తినండి. పొద్దున పులిహోర ఉంటే దానికి ముందే తోమేయండి. చివర్లో పెరుగన్నం తినే అలవాటు మానకండి. పెరుగు పుల్లనిదే అయినా కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కువ కాబట్టి ఎనామిల్‌కు పెద్దగా హాని చేయదు. వాంతి అయినప్పుడు కూడా తోమొద్దు, గ్లాసు నీళ్ళలో అర చెంచా తినే సోడా కలిపి పుక్కిలించండి.

ఇక ఫ్లోరైడ్ పేస్టు. బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, మునుగోడు వైపు ఆ పేరు వింటేనే భయం, అది అర్థం చేసుకోదగ్గదే. అయితే పళ్ళ మీది ఫ్లోరోసిస్ మచ్చలు చిన్నప్పుడు, పళ్ళు తయారయ్యే వయసులో, ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోతే వస్తాయి. పెద్దవాళ్ళు తోముకుని ఉమ్మేసే పేస్టుతో రావు, పైగా అది ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యం గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడండి. ఆ గోధుమరంగు మచ్చలు పోతాయని బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దకండి. మచ్చ పోదు, పన్నే అరుగుతుంది.

ఒక్క పన్నే లాగుతుంటే, రాత్రుళ్ళు నొప్పి లేపుతుంటే అది పుచ్చు కావచ్చు, పళ్ళ డాక్టరుకు చూపించండి. పుల్లటి తేన్పులు వస్తూ పై పళ్ళ లోపలి వైపు అరుగుతుంటే, కడుపులోని యాసిడ్ పైకి తన్నుతుందేమో అడగండి.