అనిమే అంటే మొహం చిట్లించేవాళ్లకి మొదటి సినిమా ఏది పెట్టాలి

"బొమ్మల సినిమానా? పిల్లలు చూసుకుంటార్లే" అనే మనిషిని జపాన్ యానిమేషన్ సినిమా ముందు కూర్చోబెట్టాలంటే, చాలామంది తమకి ప్రాణమైన సినిమానే పెట్టేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. పదేళ్లుగా అనిమే చూస్తున్నవాళ్లకి నచ్చింది, ఒక్కటీ చూడనివాళ్లకి ఎక్కాలని లేదు. మొదటి సినిమాని ఎదుటివాళ్ల అనుమానాన్ని బట్టి ఎంచండి. గొప్పవన్నీ తర్వాత ఎలాగూ వస్తాయి.

ఆ అనుమానం ఏంటో ముందు కనుక్కోవాలి. "నీకు అనిమే ఎందుకు నచ్చదు" అని సూటిగా అడిగితే వాదన మొదలవుతుంది, వాదించి గెలిస్తే సినిమా పోతుంది. ఈమధ్య ఏ సినిమా రెండోసారి చూశారో అడగండి. ఏ సినిమా సగంలో కట్టేశారో కూడా అడగండి. ఈ రెండు జవాబులు చాలు.

"ఇవి పిల్లల సినిమాలు" అనేవాళ్లకి సతోషి కోన్ తీసిన టోక్యో గాడ్‌ఫాదర్స్ (2003, 92 నిమిషాలు) పెట్టండి. క్రిస్మస్ రాత్రి చెత్తకుప్పలో ముగ్గురికి ఓ పసిగుడ్డు దొరుకుతుంది. తాగుబోతు గిన్, ఆడమనిషిగా బతికే హానా, ఇంట్లోంచి పారిపోయి వచ్చిన మియుకి. ముగ్గురికీ ఇల్లు లేదు, ముగ్గురికీ నోటి దురుసు ఎక్కువ. మంత్రాలు, రోబోలు ఏమీ లేవు. కాకతాళీయాలు మన మాస్ సినిమాలకి తీసిపోవు, కాబట్టి మనవాళ్లకి కొత్తగా అనిపించదు. థ్రిల్లర్లంటే చెవి కోసుకునేవాళ్లయితే అదే దర్శకుడి పర్ఫెక్ట్ బ్లూ (1997, 81 నిమిషాలు) ఉంది. పాటల గ్రూపు వదిలి నటిగా మారిన అమ్మాయికి ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా పోయే కథ. కాకపోతే ఇందులో హత్యలున్నాయి, అత్యాచారం సీను షూటింగ్ చేసే ఘట్టం చాలాసేపు నడుస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చున్న హాల్లో పెట్టొద్దు, ఒంటరిగా చూసేవాళ్లకి కూడా ముందే చెప్పండి.

"అన్నీ అరుపులూ కొట్లాటలే కదా" అనే రెండో రకం ఉంటారు. చిన్నప్పుడు టీవీలో చూసిన ఫైటింగ్ సీరియళ్లే వీళ్ల మనసులో ఉంటాయి. వీళ్లకి ఇసావో తకహతా తీసిన ఓన్లీ యెస్టర్‌డే (1991, 118 నిమిషాలు) మంచి మందు. టోక్యో ఆఫీసులో పనిచేసే 27 ఏళ్ల తాఏకో సెలవు పెట్టి యమగత పల్లెకి కుసుమ పూలు కోయడానికి వెళ్తుంది. తెలంగాణలో నూనెగింజ కోసం వేసే కుసుమ పంటే, అక్కడ పూల నుంచి ఎర్రరంగు తీస్తారు. దారి పొడవునా ఆమెకి తన పదేళ్ల వయసు గుర్తొస్తుంటుంది. ఓ సీనులో ఇంటికి మొదటిసారి పైనాపిల్ తెస్తారు. ఎలా కోయాలో ఎవరికీ తెలియదు, పండు కొన్నాళ్లు అలాగే ఉండిపోతుంది. చివరికి కోసే పద్ధతి తెలిసి, ముక్కలు పంచుకుని, ఆశగా నోట్లో పెట్టుకుంటారు. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా మాడిపోతాయి. ఎవరూ పారేయమనరు, పక్కకి నెడతారంతే. తాఏకో మాత్రం తన ముక్క మొండిగా నములుతూ ఉంటుంది. బొమ్మలతో ఇంత చిన్న విషయం కూడా చెప్పొచ్చని ఆ రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. అయితే నెమ్మదైన సినిమా. కథలు, నవలలు చదివే అలవాటున్నవాళ్లకి సరే, ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం చూసేవాళ్లకి వద్దు.

అలాంటివాళ్లకి మకొతో షిన్‌కయ్ తీసిన యువర్ నేమ్ (2016, 106 నిమిషాలు). పల్లెలో ఓ అమ్మాయి, టోక్యోలో ఓ అబ్బాయి నిద్ర లేచేసరికి ఒకరి ఒంట్లో ఒకరుంటారు. ఇంతవరకే చెప్పి ఆగండి. సగం దాటాక వచ్చే మలుపు ముందే తెలిస్తే సినిమా సగానికి సగం చచ్చినట్టే.

ఇంట్లో పదిమంది కలిసి చూడాలంటే మమొరు హొసోద తీసిన సమ్మర్ వార్స్ (2009, 114 నిమిషాలు) తేలిగ్గా దారిలో పడుతుంది. నగనొ ప్రాంతంలోని ఉఏదలో ఓ పెద్ద కుటుంబం జేజమ్మ 90వ పుట్టినరోజుకి చేరుతుంది. వంటలు, పేకాట, పాత తగువులు, పిలవకుండా వచ్చిన చుట్టం. మొదట్లో ఓజ్ అనే ఇంటర్నెట్ లోకాన్ని రంగురంగులుగా పరిచయం చేస్తారు, పెద్దవాళ్లు అక్కడే నీరసపడతారు. "ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి, కథ ఆ ముసలావిడ ఇంట్లోనే" అని చెప్పాలి. పైకి హ్యాకింగ్ కథ, లోపలంతా ఉమ్మడి కుటుంబమే.

చిన్నపిల్లలుంటే హయావో మియజాకి తీసిన మై నైబర్ టొటోరో (1988, 86 నిమిషాలు). ఇందులో విలన్ లేడు. ఆ ముక్క ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు "కథ ఎప్పుడు మొదలవుతుంది" అని ఫోన్ తీస్తారు. బస్టాపు సీను అందుకు మంచి పరీక్ష. వాన పడుతుంటుంది, వీపు మీద నిద్రపోతున్న చెల్లెలు మేతో అక్క సత్సుకి, నాన్న వచ్చే బస్సు కోసం నిలబడి ఉంటుంది. పక్కకి టొటోరో అనే పెద్ద బొచ్చు జీవి వస్తుంది, దాని నెత్తి మీద ఓ ఆకు తప్ప ఏమీ లేదు. సత్సుకి తన చేతిలో ఉన్న నాన్న గొడుగు దానికిస్తుంది. గొడుగు మీద చుక్కలు టపటపమంటే దాని కళ్లు పెద్దవవుతాయి. ఒక్కసారి ఎగిరి దూకుతుంది, చెట్ల మీది నీళ్లన్నీ ఒక్కపెట్టున కురుస్తాయి. అక్కడ నవ్వినవాళ్లకి మీరు ఇక ఏమీ నచ్చజెప్పక్కర్లేదు. మాటలు తక్కువ కాబట్టి ఇంగ్లీష్ చదవలేని అమ్మమ్మల పక్కన కూర్చుని మెల్లగా చెప్పడం కూడా సులువు.

సబ్‌టైటిళ్లు అసలు వద్దనే పెద్దవాళ్లకి ఇంకో దారి ఉంది. యుగో సాకో పూనికతో జపాన్, భారత్ కలిసి 1990ల మొదట్లో తయారుచేసిన రామాయణం 2025 జనవరి 24న తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకి వచ్చింది. 135 నిమిషాలు. ఎక్కడైనా దొరికితే ముందు చూపించి, గీసింది ఎవరో తర్వాత చెప్పండి.

మొదటిసారి పెట్టకూడనివి కూడా చెప్పుకోవాలి. గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్ (1988) గొప్ప సినిమా, కానీ మొదటి నిమిషంలోనే యుద్ధంలో చితికిన కుర్రాడు రైల్వే స్టేషన్లో ప్రాణం విడుస్తాడు. చూసినవాళ్లు మెచ్చుకుంటారు, మీరు పిలిస్తే మళ్లీ రారు. ప్రిన్సెస్ మోనోనోకే (1997) మొదట్లోనే బాణం దెబ్బకి చేతులు, తల ఎగిరిపోతాయి, పిల్లలతో వద్దు. పాప్రికా, ద బాయ్ అండ్ ద హెరాన్ "అర్థం కాలేదు" అనే మాటకి ఆధారం ఇచ్చి పంపిస్తాయి. స్పిరిటెడ్ అవే (2001)కి ఆస్కార్ వచ్చింది నిజమే, అయినా వింతలంటే పడనివాళ్లకి అది రెండో సినిమా. సీరియల్ తాలూకు సినిమాలు అసలు వద్దు. డీమన్ స్లేయర్ ముగెన్ ట్రెయిన్ 26 ఎపిసోడ్ల తర్వాతి కథ. ముందు భాగం తెలియనివాళ్లు రైల్లో ఎవరు ఎవరో తేల్చుకునేలోపే అలిసిపోతారు.

ఇక టీవీ సంగతి. ఇది వదిలేసి సినిమాని తిట్టినవాళ్లు చాలామంది. ఈ సినిమాల్లో సెకనుకి 24 ఫ్రేములుంటాయి, కానీ ఒక్కో బొమ్మ తరచుగా రెండు మూడు ఫ్రేములు నిలిచి ఉంటుంది. అంటే సెకనుకి 12 లేదా 8 బొమ్మలే. కొత్త టీవీలు మధ్యలో తమంతట తామే ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేస్తాయి. దాంతో గీతలు వణుకుతాయి, అంచులు అలికినట్టవుతాయి, బొమ్మ చవగ్గా కనిపిస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది.

ఆడియో జపనీస్ పెడితే, సబ్‌టైటిళ్లలో సీసీ (వినికిడి లేనివాళ్ల కోసం రాసేవి) అని ఉన్నది కాకుండా మామూలు ఇంగ్లీష్ ఎంచండి. సీసీ చాలావరకు ఇంగ్లీష్ డబ్బింగ్ మాటల ప్రకారం రాసి ఉంటుంది. జపనీస్ మాటతో కలవదు, డబ్బింగ్‌లో అదనంగా చేర్చిన మాటలుంటే ఎవరూ నోరు మెదపకపోయినా తెర మీద అక్షరాలు వస్తాయి. సబ్‌టైటిళ్లు చదవడం కష్టమైనవాళ్లకి ఇంగ్లీష్ డబ్బింగే పెట్టండి, అందులో తప్పేమీ లేదు. జపనీస్‌లోనే చూడాలని పట్టుబట్టేది మనం, వాళ్లు కాదు.

పేర్లు పడటం మొదలవగానే రిమోట్ అందుకోవద్దు. ఓన్లీ యెస్టర్‌డే అసలు ముగింపు ఆ పేర్ల కిందే జరుగుతుంది. టొటోరోలోనూ ఆ తర్వాత ఏమైందో బొమ్మల్లో అక్కడే చూపిస్తారు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే తెర చిన్నదైపోయి తర్వాతి సినిమా ట్రెయిలర్ మొదలవుతుంది కాబట్టి, పేర్లు చూస్తామనే బటన్ వెంటనే నొక్కాలి.

సినిమా నడుస్తుండగా "ఇప్పుడు చూడు" అనకండి, పక్కకి తిరిగి వాళ్ల మొహం చూడకండి. అయిపోయిన వెంటనే "ఎలా ఉంది" అని అడిగితే "బానే ఉంది" అనే వస్తుంది. మర్నాడు వాళ్లంతట వాళ్లు ఏ సీను ఎత్తారో దాన్ని బట్టి రెండోది ఎంచండి. పైనాపిల్ గురించి మాట్లాడితే ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్ (2016), యుద్ధకాలంలో హిరోషిమా పక్కన కురెలో ఓ కోడలి వంటిల్లు. టొటోరో నచ్చితే కికీస్ డెలివరీ సర్వీస్ (1989). యువర్ నేమ్ ఆకాశాల గురించి మాట్లాడితే వెదరింగ్ విత్ యూ (2019). "బానే ఉంది గానీ అంతసేపు కూర్చోలేను" అంటే లుక్ బ్యాక్ (2024), బొమ్మల కథలు గీసే ఇద్దరమ్మాయిల స్నేహం. మధ్యలో ఓ హింసాత్మక ఘటన ఉంది, అది చెప్పి పెట్టండి. నిడివి 58 నిమిషాలే.