మొక్కల మందుల పరిశోధన చదవడం ఎలా? 4వ పాఠం: మోతాదు లెక్క

షుగర్ వల్ల కంటికి వచ్చే జబ్బుకు మొక్కల మందులు పనిచేస్తాయా అని చూసే పరిశోధన పత్రాలను చదవడం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో పత్రాన్ని మొదటి ప్రశ్న అడగడం నేర్చుకున్నాం. ప్రయోగం దేని మీద చేశారు? గాజు పళ్లెంలో పెంచిన రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? ఇవాళ రెండో ప్రశ్న: ఎంత ఇచ్చారు? కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి. చదువుతూ లెక్క చేస్తేనే ఇది వంటబడుతుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం మా పిన్ని. ఆమెకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. కంటికి మంచిదని ఎవరో చెబితే పసుపు సారం క్యాప్సూల్స్ రెండేళ్లు వేసుకుంది. ఆ రెండేళ్లూ కళ్లు మాత్రం చూపించుకోలేదు. అడిగితే "మందు వాడుతున్నా కదరా" అనేది. చూపు మసకబారాక తీసుకెళ్తే, అప్పటికే కంటి లోపల రక్తస్రావం అయింది. ఆ డబ్బా నా దగ్గరే ఉంది. దాని మీద "పరిశోధనల్లో రుజువైంది" అని పచ్చటి అక్షరాలతో రాసి ఉంది. దేని మీద రుజువైందో, ఎంత మోతాదులో రుజువైందో మాత్రం ఎక్కడా లేదు.

ముందు చక్కెర లెక్కతో మొదలుపెడదాం. కణాల ప్రయోగాల్లో గ్లూకోజ్‌ను లీటరుకు ఎన్ని మిల్లీమోల్స్ అని రాస్తారు. మోల్ అంటే అణువుల లెక్కకు వాడే కొలత. మన ల్యాబ్ రిపోర్టులో ఉండేది డెసిలీటరుకు మిల్లీగ్రాములు. మిల్లీమోల్‌ను 18తో గుణిస్తే మన రిపోర్టు అంకె వస్తుంది. మామూలు కణాలకు ఇచ్చే 5.5 మిల్లీమోల్ అంటే 99. "ఎక్కువ గ్లూకోజ్" అని తరచుగా వాడే 30 మిల్లీమోల్ అంటే 540! మందులు వాడుతూ 180, 220 మధ్య తిరిగే మనిషి రెటీనా రోజూ చూసే పరిస్థితి అది కాదు. పైగా ఆ కణాలకు దెబ్బ తగిలేది ఒకటి రెండు రోజుల్లో. మనిషి కంట్లో సన్నని రక్తనాళాల గోడలను పట్టి ఉంచే కణాలు రాలిపోవడం, నాళాలు ఉబ్బడం, కారడం ఏళ్ల తరబడి నడిచే వ్యవహారం. ఈ తేడాను పత్రం అంచున రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మందు లెక్క. మొక్కల పదార్థాల మోతాదు లీటరుకు ఇన్ని మైక్రోమోల్స్ (మిల్లీమోల్‌లో వెయ్యో వంతు) అని ఉంటుంది. దాన్ని ఆ పదార్థపు అణుభారంతో గుణించి 1000తో భాగిస్తే, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ అణుభారం 368. కణాల మీద 10 మైక్రోమోల్ వేశారనుకోండి, 10 × 368 ÷ 1000 = లీటరుకు 3.68 మి.గ్రా.

వినడానికి ఎంత చిన్న అంకె! కానీ తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి అంత తేలిగ్గా ఎక్కదు. 2001లో తైవాన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో రోజుకు 8 గ్రాములు మింగినవాళ్ల రక్తంలో కూడా అత్యధిక స్థాయి సగటున 1.77 మైక్రోమోల్ దగ్గరే ఆగింది. అదీ మింగిన ఒకటి రెండు గంటలకు ఆ స్థాయికి చేరి, తర్వాత క్రమంగా తగ్గిపోయింది. ఎనిమిది గ్రాములు కర్క్యుమిన్ అంటే ఎంత పసుపో కూడా వేద్దాం. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం అనుకుంటే 267 గ్రాములు, అంటే పావుకిలో పైనే. అంత తిన్నా రక్తంలో పళ్లెంలోని 10 మైక్రోమోల్ కనబడదు. రక్తం నుంచి రెటీనాలోకి వెళ్లడానికి ఇంకో అడ్డుగోడ దాటాలి.

"మిరియాలు కలిపితే?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మి.గ్రా. పైపరిన్ (మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం) ఇస్తే, శరీరానికి అందే మోతాదు 2000 శాతం పెరిగిందని చూపించారు. ఆ అంకెను ఎక్కడ చూసినా "దేని మీద 2000 శాతం?" అని అడగండి. మొదట ఉన్నది దాదాపు ఏమీ లేదు. ఇంకో సంగతి, పైపరిన్ కాలేయంలో ఇతర మందులు విరిగే పనిని కూడా నెమ్మదింపజేస్తుంది. రోజూ నాలుగు రకాల మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా పైపరిన్ క్యాప్సూల్స్ జోలికి వెళ్లొద్దు. చారులో మిరియాల సంగతి వేరు, భయపడకండి.

ఇక ఎలుకలు. కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. దాన్ని నేరుగా మన బరువుతో గుణించకూడదు. పత్రంలో "ర్యాట్" (పెద్ద ఎలుక) అని ఉంటే ముందు 6.2తో భాగించాలి. చిన్న జంతువు ఒళ్లు పెద్దదానికంటే మందును త్వరగా ఖర్చు చేస్తుంది, అందుకే ఈ సవరణ. ఎలుకకు కిలోకు 100 మి.గ్రా. అయితే మనిషికి సుమారు 16. అరవై కిలోల మనిషికి దాదాపు 970 మి.గ్రా. కర్క్యుమిన్, అంటే 32 గ్రాముల పసుపు. చిన్న చెంచాతో పది దాటుతుంది.

అయితే ఎలుకల పరిశోధనలను తీసి పారేయకండి. నాకు బాగా నచ్చిన పరిశోధన మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. వాళ్లు గుప్పెళ్లకొద్దీ మందు పోయలేదు, ఆహారంలో కొసరంత కలిపారు. 2003 నాటి వాళ్ల పత్రంలో గెలాక్టోజ్‌తో శుక్లాలు తెప్పించిన ఎలుకలున్నాయి. వంద గ్రాముల మేతలో 2 మి.గ్రా. కర్క్యుమిన్ కలిపితే శుక్లం ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగా ముదిరింది. మోతాదు ఐదింతలు చేసి 10 మి.గ్రా. కలిపినప్పుడు మొదలవడం కొద్దిగా ఆలస్యమైనా, ముదరడం మాత్రం కర్క్యుమిన్ లేని గుంపు కంటే వేగంగా జరిగింది! ఈ రెండు వరుసలను నేను ఎన్నిసార్లు చదివానో. ఇది కంటి కటకం సంగతి, రెటీనాది కాదు. రెటీనా మీద వాళ్ల పని 2007లో వచ్చింది. షుగర్ తెప్పించిన ఎలుకల రెటీనాలో కొత్త రక్తనాళాలను పుట్టించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ పెరగడాన్ని కర్క్యుమిన్ తగ్గించింది. ఆశ కలిగించే ఫలితం. కానీ ఎలుకల్లోనే.

మనుషుల్లో రుజువైన అంకె పక్కన పెట్టి చూడండి. 1993లో వెలువడిన అమెరికా, కెనడాల పెద్ద అధ్యయనంలో, అప్పటికి కంటి దెబ్బ లేని టైప్ 1 షుగర్ రోగులు చక్కెరను గట్టిగా అదుపులో పెట్టుకుంటే రెటీనా జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. పసుపు వాడినా వాడకపోయినా, ఏడాదికోసారి కంటిలో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. పిన్ని ఇప్పుడు వెళ్తోంది.

ఇంటి పని. ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ అణుభారం 302. కణాల మీద 25 మైక్రోమోల్ వేశారు. లీటరుకు ఎంత? ఎలుకకు కిలోకు 50 మి.గ్రా. ఇచ్చారు. 65 కిలోల మనిషికి ఎంత? వంద గ్రాముల ఉల్లిలో 30 మి.గ్రా. ఉందనుకుంటే ఎన్ని ఉల్లిపాయలు తినాలి? జవాబులు: 7.55 మి.గ్రా., సుమారు 524 మి.గ్రా., కిలోముప్పావు. మనిషి లెక్కలో మీకు ఇరవై వేలు దాటిందంటే, భాగించాల్సిన చోట గుణించారన్నమాట. మళ్లీ వేయండి.

వచ్చే పాఠంలో పోలిక గుంపుల గురించి. 30 మిల్లీమోల్ గ్లూకోజ్ వేసిన పళ్లెం పక్కనే మానిటాల్ అనే పదార్థం వేసిన పళ్లెం ఒకటి ఎందుకు ఉండాలో చూద్దాం. మీ దగ్గరున్న పత్రంలో ఆ పేరు కనిపిస్తే ఈలోపు కింద గీత గీసి పెట్టుకోండి.