కాంక్రీటు నేలకు వెచ్చదనం – 4వ పాఠం: కంట్రోలు ఎంపిక

కాంక్రీటు నేల (స్లాబు) లోపల పైపులు వేసి, వాటిలో వేడినీళ్లు తిప్పి ఇంటిని వెచ్చబరుస్తున్నాం కదా. ఆ స్లాబు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందని పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చేశారా? 10 సెంటీమీటర్ల మందం స్లాబు చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు తూగుతుంది. దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 58 వాట్-అవర్లు కావాలి. పైపులు చదరపు మీటరుకు 60 వాట్లు ఇస్తుంటే, ఆ వేడి ఎటూ పోకుండా స్లాబులోనే ఉన్నా, సుమారు గంట పడుతుంది. వేడి ఎప్పుడు, ఎంత ఇవ్వాలో చూసే కంట్రోలు ఎంచుకునేటప్పుడు ఈ గంటను మరవకండి.

గోడకు బిగించే మామూలు థర్మోస్టాట్‌ గది గాలినే చూస్తుంది. 20 డిగ్రీలు రాగానే పంపు ఆపేస్తుంది. అప్పటికే స్లాబు నిండా వేడి ఉంటుంది, గంటల తరబడి వదులుతూనే ఉంటుంది. గది ఉక్కపోసి కిటికీలు తెరుస్తాం. మళ్లీ చల్లబడి పంపు తిరిగినా, వేడి పైకి వచ్చేసరికి కాళ్లు జివ్వుమంటుంటాయి. థర్మోస్టాట్ పాడైందనుకుని మార్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కొత్తదీ అలాగే చేస్తుంది.

నీళ్ల పైపులున్న మందపాటి స్లాబుకు నా మొదటి ఓటు అవుట్‌డోర్ రీసెట్‌కే. ఇంటి బయట, ఎండ తగలని గోడకు ఒక సెన్సర్ ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది మిక్సింగ్ వాల్వుతో (వేడి నీటిలో చల్లటి నీటిని తగినంత కలిపే వాల్వు) నీటి వేడి కొంచెం కొంచెంగా పెంచిస్తుంది. గది చల్లబడకముందే స్లాబు అందుకుంటుంది. పంపు ఆగకుండా తిరుగుతుంది, నీరు గోరువెచ్చగానే ఉంటుంది. ఇక్కడ నాకెంతో ఇష్టమైన విషయం ఒకటుంది: నేల 24, గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు తేడా 4. ఎండ పడి గది 22కు చేరితే తేడా 2కు తగ్గి, నేల ఇచ్చే వేడి తనంతట తానే సగానికి పడిపోతుంది. గది థర్మోస్టాట్‌ను పై హద్దుకు కాపలాగా ఉంచితే చాలు.

నేల సెన్సర్ కూడా పెట్టండి. మనుషులు మసలే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 చెబుతుంది. సెన్సర్‌ను పైపుకు ఆనించకుండా, రెండు పైపుల నడిమధ్య, కొస మూసిన కండ్యూట్‌లో (సన్నటి గొట్టంలో) దింపండి. అలా అయితే పాడైనప్పుడు లాగి మార్చుకోవచ్చు. కాంక్రీటు పోశాక కండ్యూట్ పెట్టలేం.

మందపాటి స్లాబు వేడెక్కడమూ చల్లబడడమూ నెమ్మదే కాబట్టి, రాత్రిపూట వేడి తగ్గించే టైమర్ దానికి అనవసరం.

అభ్యాసం: బయట 15 డిగ్రీలున్నప్పుడు నీరు 25, బయట మైనస్ 10 ఉన్నప్పుడు నీరు 40 డిగ్రీలుగా సెట్ చేశారు. బయటి చలికి, నీటి వేడికి గీసిన గ్రాఫులో ఈ రెంటి మధ్య గీత నేరుగా ఉంటే, బయట 5 డిగ్రీలప్పుడు నీరు ఎంత ఉండాలి? 31 వస్తే, 5వ పాఠంలో ఆ గీత వాలు సరిచేయడం మొదలుపెడదాం.