హెల్త్ యాప్ సలహా ఇచ్చే ముందు మీ రికార్డు సరిచేసుకోవడం ఎలా?

చిత్తూరు జిల్లాలో ఒక షుగర్ పేషెంట్ కాగితాలు ఎన్ని చోట్ల ఉంటాయో చూడండి. రక్తపరీక్షలు వీధి చివరి ల్యాబ్‌లో, ఓపీ చీటీలు తిరుపతిలోని రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో, పెద్ద టెస్టులు వేలూరు సీఎంసీలో. ఇంటికొచ్చినవన్నీ బీరువా మీద ప్లాస్టిక్ కవర్లో. ఫోన్‌లోని యాప్ మాత్రం ‘మీకు ఈ డైట్ సరిపోతుంది, ఈ టెస్ట్ చేయించుకోండి’ అని చెప్పేస్తుంది. ఆ కవర్లో ఏముందో దానికి తెలియదు కదా!

1. ముందు కవరు విప్పండి

అన్నీ ఫోటో తీయక్కర్లేదు. డిశ్చార్జి సమ్మరీలు, గత రెండేళ్ల రక్తపరీక్షలు, స్కానింగ్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు చాలు. పేరు, తేదీ, అంకె పక్కనున్న యూనిట్ స్పష్టంగా పడాలి.

తర్వాత ఒక పేజీలో రాయండి: ఏ జబ్బు ఎప్పటినుంచి, ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఏ మందు పడదు, ఇప్పుడు ఏం వాడుతున్నారు. మందుల షీటు మీద పెద్దగా కనిపించే కంపెనీ పేరు కాకుండా, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాయండి. నాటు మందులు, షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా రాయాలి. మనవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా వదిలేసేది సరిగ్గా వీటినే.

2. ఆభా నంబర్ తీసుకోండి

వేర్వేరు ఆసుపత్రుల్లోని మీ రికార్డులను మీకు జోడించడానికి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబర్ ఇది. ఆధార్ ఓటీపీతో వచ్చేస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు కాదు, ఆరోగ్యశ్రీ కార్డు అంతకన్నా కాదు. రికార్డులన్నీ తీసుకెళ్లి ఒకచోట పోయరు. ఆసుపత్రిలోవి ఆసుపత్రిలోనే ఉంటాయి, మీరు ఒప్పుకుంటేనే మరొకరికి కనిపిస్తాయి. ఏ రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లు చూడొచ్చు అన్నది మీరే ఎంచుకోవచ్చు, తర్వాత రద్దూ చేయొచ్చు. చదవకుండా అన్నిటికీ ఓకే కొట్టకండి.

అమ్మానాన్నలకు తీసేటప్పుడు మాత్రం వాళ్ల చేతిలో ఉండే ఫోన్ నంబరే లింక్ చేయండి. కొడుకు బెంగళూరులో, ఓటీపీ బెంగళూరులో, పెద్దాయన ఇక్కడ ఓపీ క్యూలో అన్నట్టు కాకూడదు.

3. సలహా ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

యాప్ సాధారణంగా రెండు దారుల్లో సలహా తయారు చేస్తుంది. మీలాంటి వయసు, జబ్బు ఉన్నవాళ్లు ఏం ఎంచుకున్నారో చూసి చెప్పడం ఒకటి. మీ అంకెలను వైద్య నియమాలతో పోల్చి చెప్పడం రెండోది. మొదటి దానిలో ఎక్కువమంది నొక్కింది పైకి వస్తుంది, అది వాళ్లకు మేలు చేసిందో లేదో వేరే సంగతి. ‘స్పాన్సర్డ్’ అని ఉంటే అది ప్రకటన, అంతే.

ఎండాకాలం, తిరుపతి ఎండ. యాప్ రోజూ కొబ్బరినీళ్లు తాగమంటుంది. చాలామందికి మంచిదే. కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతుంది, కొబ్బరినీళ్లలో ఉండేది అదే. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కవర్లోనే ఉండిపోతే, పాపం యాప్ ఏం చేస్తుంది? మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలతోనూ ఇదే తంటా, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

అందుకే ఒక పరీక్ష పెట్టండి. మీ కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటే ఆ రిపోర్టు ఎక్కించి, సలహా మారుతుందేమో చూడండి. అయినా కొబ్బరినీళ్లే తాగమంటే అది మీ ఫైలు చదవడం లేదన్నమాట. రాగి సంగటి తినే ఇంటికి రోజూ ఓట్స్ చెప్పే యాప్ మీదా నాకు పెద్ద నమ్మకం లేదు.

గుండెల్లో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం లాంటివి వస్తే యాప్ జోలికే పోవద్దు. 108కి ఫోన్ చేయండి.

4. సలహాను ప్రశ్నగా మార్చి డాక్టర్‌ని అడగండి

‘యాప్ ఇలా చెప్పింది’ అని వాదనకు దిగితే డాక్టర్‌కి చిరాకు, మీకు టెన్షన్. ఇలా అడగండి: ‘సార్, నాకున్న దారులేంటి? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది? నాలాంటి 100 మందిలో ఎంతమందికి మేలు, ఎంతమందికి ఇబ్బంది?’ ‘ముప్పు సగానికి తగ్గుతుంది’ అంటే సరిపోదు. 100 మందిలో 40 నుంచి 20కి తగ్గడమూ సగమే, 2 నుంచి 1కి తగ్గడమూ సగమే.

మీకేం కావాలో కూడా చెప్పండి. మోకాలి ఎక్స్‌రే ఇద్దరిదీ ఒకేలా ఉండొచ్చు. ఒకరు మళ్లీ అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లాలనుకుంటారు, ఇంకొకరికి ఇంట్లో నాలుగడుగులు వేస్తే చాలు. మోకాలి మార్పిడి గురించి ఈ ఇద్దరి నిర్ణయం ఒకటే కానక్కర్లేదు.

డాక్టర్ మందు మారిస్తే ఆ రోజే మీ పేజీలో పాతది కొట్టేసి, కొత్తది తేదీతో రాయండి. యాప్‌లోనూ మార్చండి, లేకపోతే అది పాత మందుకే గుర్తుచేస్తూ ఉంటుంది.