వేరుశనగ అదునుకు ముందే ఫోన్ మార్చుకోండి: ఐఫోన్‌కు మారేవారికి జాగ్రత్తలు

అనంతపురం జిల్లాలో జూన్ వచ్చిందంటే వేరుశనగ విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు ఒక్కసారిగా మీద పడతాయి, ఈ చెల్లింపుల్లో చాలా భాగం ఇప్పుడు ఫోన్‌లోనే జరిగిపోతోంది. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు సెలవులకు వచ్చి, తమ పాత ఐఫోన్‌ను నాన్న చేతిలో పెట్టి వెళ్లేదీ ఆ రోజుల్లోనే. ఆండ్రాయిడ్‌కు అలవాటుపడిన చేతికి అవే యాప్‌లు ఐఫోన్‌లో వేరుగా నడుస్తాయి కాబట్టి, ఈ మార్పేదో అదునుకు రెండు వారాల ముందే పూర్తి చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు యూపీఐ సంగతి చూడాలి. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదు కావాలంటే, బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇస్తే దాన్ని యాపే పంపేస్తుంది. ఐఫోన్‌లో ఏ యాప్‌కూ తనంతట తాను ఎస్సెమ్మెస్ పంపే వీలు లేదు కనుక, అర్థంకాని అక్షరాలతో ఒక సందేశం తెరమీదికి వస్తుంది, బాణం గుర్తు నొక్కి మనమే పంపాలి. తెలియని సందేశాలు పంపవద్దని పెద్దలకు మనమే పదేపదే చెప్పి ఉంటాం, అందువల్ల వారు దాన్ని చూసి భయపడి వెనక్కి వచ్చేస్తారు, నమోదు అక్కడితో ఆగిపోతుంది. మనం యాప్ తెరిచి నమోదు మొదలుపెట్టినప్పుడు వచ్చిన సందేశాన్ని ఒక్క అక్షరమైనా మార్చకుండా పంపవచ్చని, ఎవరో ఫోన్ చేసి పంపమన్నది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పంపరాదని వారికి విడమరచి చెప్పాలి. రెండు సిమ్‌లు ఉంటే, సందేశం బ్యాంకు నంబరు నుంచే వెళుతోందా అని చూసుకోవాలి. ఫోన్ మారాక కొన్ని బ్యాంకులు ఆండ్రాయిడ్‌లో 24 గంటలు, ఐఫోన్‌లో 72 గంటలపాటు 5,000 రూపాయలకు మించి పంపనివ్వవు. ఈ సంగతి విత్తనాల దుకాణం ముందు నిలబడినప్పుడు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

తర్వాతి చిక్కు వెనక్కి వెళ్లడం. ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లే బటన్ ఏ యాప్‌లోనైనా తెర అడుగునే ఉంటుంది, లేదా ఎడమ, కుడి అంచుల్లో దేని నుంచి వేలు జరిపినా సరిపోతుంది. ఐఫోన్‌లో అలాంటి బటన్ లేదు. పైన ఎడమ మూలనున్న బాణాన్ని నొక్కాలి, చాలా యాప్‌లలో ఎడమ అంచు నుంచి వేలు జరిపినా పని జరుగుతుంది, కింది నుంచి పైకి వచ్చిన తెరనైతే కిందికి లాగాలి. పంపాల్సిన రూపాయల అంకె టైపు చేశాక కీబోర్డు చెల్లింపు బటన్‌ను కప్పేసి కదలకపోతే, ఖాళీ చోట ఒకసారి తాకి చూడాలి. దారి తోచక చెల్లింపు మధ్యలో యాప్‌ను మూసేసినవారు, మళ్లీ డబ్బు పంపే ముందు లావాదేవీల జాబితా తప్పక చూడాలి, లేకపోతే ఒకే బిల్లుకు రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది.

ఐఫోన్‌లో కెమెరాకో లొకేషన్‌కో ఒకసారి అనుమతి నిరాకరిస్తే ఆ యాప్ మళ్లీ అడగలేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఇవ్వాలి. పాస్‌బుక్ ఫొటోను ఏదైనా వెబ్‌సైట్ తీసుకోకపోతే, కెమెరా సెట్టింగ్స్‌లోని ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుని మళ్లీ ఫొటో తీయాలి.

పాత ఐఫోన్ ఇచ్చే పిల్లలు దాని సాఫ్ట్‌వేర్‌ను చివరి అప్‌డేట్ వరకు తేవాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక రూపంలో తెరపైకి వస్తే చాలు ఐఫోన్ యాప్‌లు మూతపడిపోయేవి, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తోనే అది సరైంది. తమ యాపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చి ఫోన్‌ను పూర్తిగా చెరిపివేయడం మరీ ముఖ్యం, ఎందుకంటే గూగుల్ డ్రైవ్‌లోని వాట్సాప్ బ్యాకప్ ఐఫోన్‌లోకి రాదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకునే యాపిల్ వారి ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ ద్వారా మాత్రమే సంభాషణలు వస్తాయి, ఆ పని కొత్తగా మొదలుపెట్టే ఐఫోన్‌లోనే సాధ్యం. ఐఫోన్ నుంచి ఒక చిన్న చెల్లింపు పూర్తయి, బ్యాంకు ఓటీపీ వచ్చి, వాట్సాప్ సంభాషణలు కనిపించేదాకా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను రీసెట్ చేయవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.