పసిపిల్లలకు బైబిల్ కథలు – 5వ పాఠం: సమూయేలు పరుగు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఏదైనా ఒక కథ తీసుకుని, మూడేళ్ళ పిల్లకు అర్థం కాని మాటలన్నిటి కిందా గీత గీయమన్నాను. చేసినవాళ్ళు గమనించే ఉంటారు, గీతలు ఎక్కువగా పడేది కథ అయిపోయాక మనం తగిలించే వివరణలోనే. ఈ వారం వివరణతో పెద్దగా పనిలేని కథ ఒకటి చెప్పడం నేర్చుకుందాం.

మొదటి సమూయేలు 3వ అధ్యాయం. ముందు 1 నుంచి 10 వచనాలు, ఆ తర్వాత 15వ వచనం బయటికి చదవండి. షిలోహు అనే ఊళ్ళో రాత్రి. మందిరంలో దీపం ఇంకా ఆరలేదు. మందిరంలో పెరుగుతున్న అబ్బాయి సమూయేలు ఒకచోట, కళ్ళు మసకబారిన ముసలి యాజకుడు ఏలీ ఇంకోచోట పడుకున్నారు. దేవుడు పిలుస్తాడు, పిల్లవాడు ఏలీ దగ్గరికి పరుగెత్తుతాడు, "నేను పిలవలేదు, వెళ్ళి పడుకో" అంటాడు ఏలీ. మళ్ళీ అదే. ఇంకోసారి కూడా అదే. అప్పుడు ఏలీకి తడుతుంది, పిలుస్తున్నది దేవుడని.

పెద్దల ఆరాధనలో ఈ భాగం చెప్పేవాళ్ళు "ఇలా మూడుసార్లు జరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతారు. వాళ్ళకు అది చాలు. మన చాప మీద కూర్చునే పిల్లలకు మాత్రం ఆ మూడుసార్లే కథ. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసిపోవడం ఈ వయసులో గొప్ప సంబరం. రెండో పిలుపు వినగానే "ఇప్పుడు పరుగెత్తుతాడు" అని వాళ్ళకు తెలిసిపోతుంది. అనుకున్నట్టే పరుగెత్తాడా, ఇక మొహాలు వెలిగిపోతాయి. అందుకే మూడుసార్లూ అవే మాటలు, అదే వరుస, అదే గొంతు. ప్రతిసారీ కొత్తగా చెప్పకపోతే విసుగు పుడుతుందన్న భయం టీచర్‌కే ఉంటుంది, పిల్లలకు ఉండదు.

ఇక పరుగు సంగతి. ఇరవై మందిని నిజంగా పరుగెత్తిస్తే ఒకరి తల ఇంకొకరి తలకు తగులుతుంది, కథ అక్కడితో సరి. కూర్చున్నచోటే పరుగెత్తించండి. రెండు అరచేతులతో తొడల మీద టపటపా కొట్టడమే సమూయేలు పరుగు. కథ మొదలుపెట్టక ముందే ఒకసారి నేర్పండి: "సమూయేలు ఎలా పరుగెత్తాడు?" టపటపటప. "ఆగాడు." చేతులు పైకి. ఈ "ఆగాడు" బాగా వచ్చేదాకా కథలోకి వెళ్ళకండి. ఆపడం రాకపోతే ఆ టపటప కథంతా మోగుతూనే ఉంటుంది. పక్క హాల్లో ఆరాధన జరుగుతుంటే పెద్దలొచ్చి తలుపు వేసిపోతారు కూడా.

కథ మధ్యభాగం ఇలా చెప్పండి. నేను రాసింది రాసినట్టు బట్టీ పట్టనక్కర్లేదు, వరుస మాత్రం మార్చకండి.

"రాత్రయింది. దీపం చిన్నగా వెలుగుతోంది. సమూయేలు పడుకున్నాడు. ఏలీ తాత కూడా పడుకున్నాడు. అంతా నిశ్శబ్దం. 'సమూయేలూ!' ఎవరో పిలిచారు. సమూయేలు లేచాడు. పరుగెత్తాడు." టపటపటప. "ఆగాడు. 'వచ్చాను తాతా, పిలిచావుగా!' ఏలీ తాత అన్నాడు, 'నేను పిలవలేదు నాన్నా. వెళ్ళి పడుకో.' సమూయేలు వెళ్ళి పడుకున్నాడు."

ఇక్కడ మీరు కూడా చెంప కింద చేయి పెట్టుకుని కళ్ళు మూసుకోండి. మనసులో మూడు లెక్కపెట్టండి. మీ కళ్ళు మూసి ఉన్నంతసేపూ వాళ్ళవీ మూసే ఉంటాయి, ఒకరిద్దరు ఓరకంట చూస్తుంటారనుకోండి. మళ్ళీ "సమూయేలూ!" రెండోసారికి "వచ్చాను తాతా" అనే మాట సగం మంది మీకంటే ముందే అనేస్తారు. మూడోసారి మీరు అననే వద్దు, పెదవులు కదిపితే చాలు. మూడోసారి తర్వాత ఏలీ తాత కాస్త ఆలోచిస్తాడు. మీరూ ఆలోచించండి, గడ్డం మీద చేయి వేసి. "ఓహో, పిలిచేది దేవుడు! ఈసారి పిలిస్తే, దేవా, చెప్పు, వింటున్నాను అను."

అసలు మలుపు నాలుగో పిలుపు దగ్గర ఉంది. "సమూయేలూ! సమూయేలూ!" ఈసారి పేరు రెండుసార్లు, 10వ వచనంలో అలాగే ఉంది. పిల్లల చేతులు అలవాటుకొద్దీ తొడల మీద పడతాయి. పడనివ్వండి. తర్వాత మీ అరచేయి ఎత్తి, గొంతు బాగా తగ్గించి, "సమూయేలు పరుగెత్తలేదు" అనండి. గది ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. మూడుసార్లు చేసిన పని నాలుగోసారి చేయకపోవడం వాళ్ళ ఒంటికే తెలుస్తుంది. వినడం అంటే ఏమిటో అంతకుమించి వేరే చెప్పాల్సిన పని లేదు. "దేవా, చెప్పు, వింటున్నాను." ఈ మాట అందరూ కలిసి, మెల్లగా.

దేవుని గొంతు ఎలా పలకాలని చాలామంది అడుగుతారు. తెర వెనక ఒకరిని దాచి మైకులో ఎకో పెట్టి పిలిపించడం వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) స్టేజి మీద బాగానే ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లల ముందు మాత్రం వద్దు, ఒకరు ఏడుపు అందుకుంటే మిగతావాళ్ళూ అందుకుంటారు. మీ మామూలు గొంతే కాస్త నెమ్మదిగా, దగ్గరివాళ్ళను పిలిచినట్టు పలకండి. దీపం కోసం బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి చాలు. అసలు కొవ్వొత్తి ఈ వయసు క్లాసులోకి తేవొద్దు.

మీరు సిద్ధపడని ప్రశ్న ఒకటి వస్తుంది: "వాళ్ళమ్మ ఏది?" మీరు దేవుని పిలుపు గురించి చెబుతుంటారు, ఆ పిల్ల మనసు మాత్రం అమ్మ లేకుండా పడుకున్న పిల్లవాడి దగ్గరే ఉండిపోతుంది. ఆ పిల్ల అక్కడే ఆగడం సహజమే. తనను కూడా చర్చిలో వదిలేసి వెళ్తారేమో అన్న భయం ఆ ప్రశ్నలో ఉంది. అందుకే కథ మొదట్లోనే రెండు వాక్యాలు చేర్చుకోండి: "సమూయేలు వాళ్ళమ్మ హన్నా. ప్రతి ఏడూ చిన్న అంగీ కుట్టుకుని తెచ్చి ఇచ్చేది." ఇది 2వ అధ్యాయం 19వ వచనంలో ఉన్నదే. వీలైతే చిన్న చొక్కా ఒకటి చేత్తో పట్టుకుని చూపించండి.

ఇందుకే "సమూయేలు కూడా మీ అంత పిల్లాడే" అనే మాట నాకు నచ్చదు. బొమ్మల కార్డుల్లో నాలుగేళ్ళ బాబులా గీస్తారు గానీ ఈ సంఘటన నాటికి అతని వయసెంతో బైబిల్ చెప్పలేదు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ అయితే 12 ఏళ్ళు నిండాయని రాశాడు. "ఒక అబ్బాయి" అంటే సరిపోతుంది.

11 నుంచి 14 వచనాల్లో దేవుడు చెప్పిన సంగతి ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. ఈ వయసుకు అది వద్దు. అలాగని దాని బదులు "నువ్వు మంచి అబ్బాయివి అన్నాడు దేవుడు" లాంటి మాట కల్పించి పెట్టకండి. వదిలేయడం వేరు, మార్చేయడం వేరు. ఏడేళ్ళ అన్నయ్య ఎవరైనా వెనక కూర్చుని "దేవుడు ఏం చెప్పాడు టీచర్?" అంటే, "ఏలీ తాతకు బాధ కలిగించే మాట ఒకటి చెప్పాడు, మీ క్లాసులో చదువుతావు" అనండి. మనం తెల్లవారడంతో ఆపుదాం. సమూయేలు పొద్దున్నే లేచి మందిరం తలుపులు తీశాడు. పిల్లలు రెండు చేతులతో తలుపులు తీసినట్టు చేస్తారు, కథ అయిపోయింది.

అన్వయం దగ్గర ఒక జాగ్రత్త. "ఈ రాత్రి దేవుడు మిమ్మల్ని కూడా పిలుస్తాడు" అనకండి, ఆ రాత్రి ఎవరింట్లోనూ నిద్రలుండవు. "దేవునికి సమూయేలు పేరు తెలుసు, నీ పేరు కూడా తెలుసు" అని ఒక్కొక్కరినీ పేరుతో పిలవండి. రిజిస్టర్ చూసి మాత్రం పిలవకండి. అందులో ఎస్తేరు రాణి అని ఉంటుంది, ఆ పిల్లకు తెలిసిన తన పేరు చిట్టి. ఇంట్లో పిలిచే పేర్లు, ముద్దుపేర్లు ముందే తల్లుల్ని అడిగి రాసిపెట్టుకోండి.

ప్రశ్నలు రెండు చాలు. మన పిల్లలు దేనికైనా "యేసయ్య!" అనేస్తారని మీకు తెలుసుగా. ఆ జవాబు కుదరని ప్రశ్నలు వేయండి: "సమూయేలు ఎవరి దగ్గరికి పరుగెత్తాడు?" "వాళ్ళమ్మ ఏం కుట్టింది?" "ఏం నేర్చుకున్నారు?" అని అడగొద్దు, దానికి జవాబు చెప్పే వయసు కాదు.

వచ్చే ఆదివారం మళ్ళీ ఇదే కథ చెప్పండి. సిలబస్ వెనకబడుతుందని సండేస్కూలు సూపరింటెండెంట్ గారు అంటే, ఆయన్ను కూడా చాప మీద కూర్చోబెట్టి తొడలు కొట్టించండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఎవరూ లేనప్పుడు కథ మొత్తం నిలబడి చెబుతూ ఫోనులో రికార్డ్ చేయండి. ఆరేడు నిమిషాల్లో అవ్వాలి. తర్వాత మూడు పిలుపులు మాత్రమే వరసగా వినండి. మాటల్లో ఎక్కడ తేడా వచ్చిందో కాగితం మీద రాసుకుని, ఆ చోట్లే మళ్ళీ చెప్పి చూడండి. ఆరో పాఠానికి ఆ కాగితం, మీ క్లాసు పిల్లల ముద్దుపేర్ల జాబితా పక్కన పెట్టుకోండి. చదవడం రాని పిల్లలకు కంఠత వాక్యం ఎలా నేర్పాలో అందులో చూద్దాం.