పోర్టు మార్చాక దారి తప్పిన వర్డ్‌ప్రెస్‌ను సరిచేసుకున్న అనుభవం

నల్లగొండలోని మా ఇంటి కంప్యూటరులో ఎగ్జాంప్ (సొంత కంప్యూటరులోనే వెబ్‌సైటు నడుపుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ల కట్ట) పెట్టుకుని, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించిన నా వ్యాసాలను వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో కూర్చి చూసుకుంటున్నాను. ఒక రోజు ఎగ్జాంప్‌లో పేజీలను అందించే సర్వరు అపాచీ మొదలవలేదు. అది వాడే 80వ పోర్టును (ప్రోగ్రాంలు నెట్‌వర్కుతో మాట్లాడే అంకెల ద్వారాలలో ఒకదాన్ని) మరో ప్రోగ్రాం ఆక్రమించిందని, వాడుకలో ఉన్న పోర్టులను చూపే నెట్‌స్టాట్ ఆదేశంతో తెలిసింది. అపాచీ అమరికలుండే హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ ఫైలులో లిజన్ వరుసను 8080గా మార్చగానే అపాచీ లేచింది.

అసలు చిక్కు ఆ తరువాతే వచ్చింది. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ (సొంత కంప్యూటరును సూచించే చిరునామా) పక్కన 8080 చేర్చి తెరిచినా, పేజీ పాత చిరునామాకే మళ్లిపోయేది. వర్డ్‌ప్రెస్ తన చిరునామాను డేటాబేసులోనే దాచుకుంటుందని, పోర్టు కూడా అందులో భాగమేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. డేటాబేసును చూసి దిద్దుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్‌ను కూడా కొత్త పోర్టుతోనే తెరిచి, ముందుగా డేటాబేసును ఎగుమతి చేసి భద్రపరచుకుని (ఈ పని ఎన్నడూ మానకూడదు), ఆప్షన్స్ పట్టికలోని సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అనే రెండు వరుసలలో కొత్త చిరునామా రాశాను. సైటు తెరుచుకుంది. అయితే వ్యాసాలలోని ఆలయ స్తంభాల బొమ్మలు కనిపించలేదు. వాటి లంకెలలో పూర్తి పాత చిరునామా ఉండడమే కారణం. ఉన్నవి కొద్ది వ్యాసాలే కనుక ఒక్కొక్కటిగా తెరిచి దిద్దుకున్నాను.